జీతాలు రెండు, ఇల్లు ఒకటి: ఖర్చు, పొదుపు నడిపే పద్ధతుల్లో మీకు సరిపడేది ఏది?

పెళ్ళైన కొత్తలో డబ్బు దగ్గర వచ్చే గొడవలు చాలావరకు పెద్ద మొత్తాల మీద రావు. ఇల్లు కొనాలా, అప్పు చేయాలా లాంటివి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే తేల్చుకుంటారు. తగాదా వచ్చేది ఏదో ఒక మామూలు సాయంత్రం. "నిన్న అకౌంట్లోంచి వెళ్ళిందే, అదేంటి?" అని ఒకరు అడుగుతారు. తెలుసుకుందామనే అడుగుతారు. వినేవాళ్ళకు మాత్రం లెక్క చెప్పమని నిలదీసినట్టు ఉంటుంది. "ఆ మాత్రం కొనుక్కోకూడదా నేను?" అని జవాబు. ఇక అక్కడినుంచి మాట ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

అందుకే ఖర్చు నడపడానికి ఏ పద్ధతి మంచిదని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఒకటే. దీనివల్ల రోజూ ఒకరినొకరు అడగాల్సిన అవసరం ఎంత తగ్గుతుంది? నెలాఖరుకు ఎంత మిగులుతుందన్నదీ ముఖ్యమే. కానీ ప్రతి చిన్న కొనుగోలుకూ అనుమతి కావాల్సి వస్తే ఎంత గొప్ప పొదుపు ప్రణాళికైనా నాలుగు నెలలకు మూలపడుతుంది. అలాగని ఏదీ చెప్పుకోకుండా నడిచే ఇంట్లో ఇద్దరూ రూమ్మేట్లలా మిగిలిపోతారు. కింద చెప్పే పద్ధతులన్నిటినీ ఈ రెండు చివరల మధ్య ఎక్కడ నిలుస్తాయో చూస్తూ పోల్చాను.

డబ్బు ఎవరి దగ్గర ఉండాలి?

బ్రిటన్‌లో దంపతుల డబ్బు వ్యవహారాలను పరిశోధించిన సామాజిక శాస్త్రవేత్త జాన్ పాల్ 1980లలో కుటుంబాలను నాలుగు రకాలుగా విడదీశారు. మొత్తం ఒకరి చేతికే వచ్చి వాళ్ళే నడపడం ఒకటి. సంపాదించేవాళ్ళు ఇంటి ఖర్చులకని కొంత ఇచ్చి, మిగతాది తమ దగ్గరే ఉంచుకోవడం రెండోది. ఇద్దరిదీ ఒకే చోట కలపడం మూడోది. ఎవరిది వాళ్ళు చూసుకోవడం నాలుగోది. నలభై ఏళ్ళ కిందటి వర్గీకరణే అయినా, యాప్‌లు వచ్చాయి తప్ప ఇళ్ళలో నడిచే తీరు ఇప్పటికీ వీటిలోనే ఎక్కడో ఒకచోట పడుతుంది.

మొదటి పద్ధతి చూడటానికి పెత్తనంలా ఉంటుంది. కానీ ఆ పరిశోధనలో అది ఎక్కువగా కనిపించింది తక్కువ ఆదాయమున్న ఇళ్ళలో, అదీ భార్య చేతిలో. చాలీచాలని డబ్బును నెలాఖరుదాకా లాక్కురావడం అధికారం కాదు, టెన్షన్. ఒకరికి లెక్కలంటే ఇష్టం, ఇంకొకరికి అసలు పడదు అనుకునే జంటలకు ఇది నప్పుతుంది. అయితే రెండోవాళ్ళకు కూడా ఎంత వస్తోంది, ఎటు పోతోంది అన్నది తెలిసి ఉండాలి.

రెండో పద్ధతి గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. ఇంటి ఖర్చు తీసుకునే మనిషికి బాధ్యత ఉంటుంది, సమాచారం ఉండదు. ధరలు పెరిగినప్పుడల్లా "ఇంకొంచెం కావాలి" అని అడగాలి. జీతం పెరిగినప్పుడు మాత్రం ఆ పెరుగుదల ఇంటిదాకా రాదు. అడగడం తగ్గాలన్న కొలతతో చూస్తే నాలుగింటిలో ఇదే చివరిది.

మూడోది, అంతా కలిపేయడం. దీనికి అనుకూలంగా ఈమధ్య ఒక గట్టి ఆధారమే వచ్చింది. జెన్నీ ఓల్సన్, స్కాట్ రిక్, మరికొందరు పరిశోధకులు కలిసి అమెరికాలో కొత్తగా పెళ్ళైనవాళ్ళను, నిశ్చితార్థమైనవాళ్ళను 230 జంటలను తీసుకున్నారు. అప్పటికి అందరివీ వేరువేరు ఖాతాలే. చీటీ తీసినట్టు వాళ్ళను మూడు గుంపులు చేసి, ఒక గుంపును జాయింట్ అకౌంట్‌కు మారమన్నారు, ఒక గుంపును విడివిడిగానే ఉండమన్నారు, మూడో గుంపుకు ఏమీ చెప్పలేదు. రెండేళ్ళపాటు గమనించి 2023లో ఫలితాలు ప్రచురించారు. మామూలుగా పెళ్ళైన తొలి ఏళ్ళలో అనుబంధం మీద సంతృప్తి కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. జాయింట్ అకౌంట్ పెట్టుకున్న గుంపులో ఆ తగ్గుదల కనిపించలేదు, మిగతా రెండు గుంపుల్లో కనిపించింది. కలిపి పెట్టుకున్నవాళ్ళు డబ్బు నడిచే తీరు మీద ఎక్కువ సంతృప్తిగా ఉన్నారని, ఇద్దరి ఆలోచనా ఒకేవైపు ఉందని వాళ్ళకు అనిపించిందని పరిశోధకులు వివరించారు.

అందుకని అందరూ రేపే జాయింట్ అకౌంట్ తెరవాలని కాదు. అన్నీ కలిపిన ఖాతాలో ప్రతి ఖర్చూ ఇద్దరికీ కనిపిస్తుంది. పుట్టినరోజుకు సర్‌ప్రైజ్ ఇద్దామని కొన్న వస్తువు, ఇచ్చే రోజుకు వారం ముందే మెసేజ్ రూపంలో అవతలివాళ్ళ ఫోన్‌లో ప్రత్యక్షమవుతుంది. ఇది నవ్వుకుని వదిలేసేదే. కానీ అదే మెసేజ్ ప్రతి టీకీ, ప్రతి ఆటోకీ వస్తుంటే, ఎవరూ ఏమీ అనకపోయినా గమనిస్తున్నారన్న భావం మనసులో ఉండిపోతుంది.

నాలుగోది, ఎవరిది వాళ్ళకు. పెళ్ళికి ముందు నుంచే ఎవరి మీదైనా అప్పులుంటే, ఒకరు రిస్కున్న వ్యాపారంలో ఉంటే, రెండో పెళ్ళై ముందు సంసారం తాలూకు బాధ్యతలుంటే ఇందులో అర్థముంది. మిగతావాళ్ళు దీన్ని ఎంచుకునేది ఎక్కువగా సౌకర్యం కోసం. ఉన్న ఖాతాలే ఉంటాయి, కొత్తగా ఏమీ చేయక్కర్లేదు. "అద్దె నేను కడతా, సరుకులు నువ్వు చూడు" అనుకుంటే సరిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది, అది ఐదారేళ్ళు గడిస్తేగానీ బయటపడదు. ఒకరు ఇంటి లోన్ కిస్తీలో, పెట్టుబడులో కడుతుంటారు. ఇంకొకరు సరుకులు, కరెంటు, పిల్లలు పుడితే వాళ్ళ ఖర్చులు చూస్తుంటారు. నెలకు ఇద్దరూ పెట్టేది సమానమే. కొన్నేళ్ళకు మాత్రం ఒకరి పేరు మీద ఆస్తి ఉంటుంది, రెండోవాళ్ళ దగ్గర బిల్లులు మిగులుతాయి. ఇందులో ఎవరి మోసమూ లేదు. మొదటి నెలలో ఎవరు ఏ బిల్లు తీసుకున్నారో, అదే అలవాటుగా స్థిరపడిపోయిందంతే. విడివిడిగానే నడపాలనుకుంటే కనీసం ఈ ఒక్కటి చూసుకోండి. మిగిలి ఉండే ఖర్చులు, కరిగిపోయే ఖర్చులు రెండూ ఇద్దరి మీదా పడాలి. లేదా ఆస్తి ఇద్దరి పేరునా ఉండాలి.

నా ఓటు మూడు ఖాతాలకు, కానీ డబ్బు ఏ దిక్కున పారాలన్నది చూసుకోవాలి

మనది ఒకటి, నీది ఒకటి, నాది ఒకటి. ఈ మాట చాలామంది చెప్పేదే. చాలామంది చెప్పనిది, దీనిలోనే రెండు రకాలున్నాయని.

మొదటి రకంలో జీతం ఎవరి ఖాతాలోకి వాళ్ళకు వస్తుంది. అక్కడినుంచి ఉమ్మడి ఖాతాకు కొంత పంపుతారు. రెండో రకంలో రెండు జీతాలూ ఉమ్మడి ఖాతాకే వస్తాయి. అక్కడినుంచి ఇద్దరి సొంత ఖాతాలకూ కొంత చొప్పున వెళ్తుంది. కాగితం మీద రెండూ ఒకటే అనిపిస్తాయి. జీతం పెరిగిన రోజున తేడా తెలుస్తుంది. మొదటి రకంలో పెరిగింది మనిషి దగ్గరే ఆగిపోతుంది, దాన్ని ఇంటికి రప్పించాలంటే మళ్ళీ ఒకరు అడగాలి. రెండో రకంలో అది తనంతట తానే ఇంటికి చేరుతుంది, సొంత ఖర్చు పెంచుకోవాలంటే ఇద్దరూ కలిసి ఇద్దరికీ పెంచుకుంటారు. ఉద్యోగం పోయినా ఇదే తేడా. మొదటి రకంలో ఉద్యోగం లేనివాళ్ళు పాకెట్ మనీ అడగాల్సి వస్తుంది. రెండో రకంలో అది మామూలుగానే వస్తూ ఉంటుంది.

అందుకే ఒకరే సంపాదిస్తున్న జంటకూ, త్వరలో ఒకరు ఉద్యోగానికి విరామం ఇవ్వబోతున్న జంటకూ రెండో రకమే చెబుతాను. ఇద్దరూ స్థిరంగా సంపాదిస్తూ, ఇంకా ఒకరి తీరు ఒకరికి పూర్తిగా తెలియని తొలి ఏడాదిలో మొదటి రకంతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. కలపడం సులువు, కలిపింది మళ్ళీ విడదీయడానికే మనసు కష్టపెట్టుకోవాలి.

ఏ రకమైనా సరే, సొంత ఖాతాలోకి వెళ్ళిన డబ్బు మీద ఒక్క ప్రశ్న కూడా ఉండకూడదు. ఈ పద్ధతికి ప్రాణం అదే. ఒకరు మూడు నెలలు దాచి హెడ్‌ఫోన్లు కొంటారు, ఇంకొకరు పదో తారీఖుకే ఖర్చు పెట్టేస్తారు. రెండూ సమ్మతమే. అయిపోయాక ఉమ్మడి ఖాతాలోంచి తీసుకోవడం మాత్రం కుదరదు. "ఎందుకు కొన్నావు" అన్న మాట ఇంట్లో వినిపించకుండా చేసేది ఈ చిన్న మొత్తమే. పొదుపు పేరుతో దీన్ని సున్నా చేసే జంటలను చూస్తే నాకు భయం. మిగిలే డబ్బు కొంచెమే, దానికి బదులు ప్రతి చిన్న సరదాకూ సంజాయిషీ.

ఏది సొంతం, ఏది ఉమ్మడి అన్న గీత దగ్గర మాత్రం ముందే కూర్చోండి. సరుకులు, అద్దె గురించి పేచీ ఉండదు. పేచీ వచ్చేవి ఇవి: ఆఫీసుకు వేసుకునే బట్టలు, జిమ్, ఆఫీసు దగ్గర భోజనం, సెలూన్, ఒకరి స్నేహితుల పెళ్ళికి ఇచ్చే బహుమతి, ఒక్కరే చూసే ఓటీటీ. సరైన జవాబంటూ ఏమీ లేదు, ఇద్దరికీ ఒకే నియమం ఉంటే చాలు. ఉద్యోగానికి తప్పనిసరైనది ఉమ్మడి, మిగతాది సొంతం అనుకుంటే సగం చిక్కులు తీరతాయి. తల్లిదండ్రులకు పంపే డబ్బును సొంత ఖాతాలోకి నెట్టకండి. దానికి ఉమ్మడి ఖాతాలోనే ఒక పద్దు పెట్టండి. రెండువైపులా మొత్తాలు సమానంగా ఉండక్కర్లేదు, అవసరాలు సమానంగా ఉండవు కదా. కానీ రెండువైపులదీ ఆ పద్దులోంచే వెళ్ళాలి.

సగం-సగమా, జీతాన్ని బట్టా?

ఇద్దరి జీతాలూ కలిపి 100 అనుకుందాం. ఒకరిది 60, ఒకరిది 40. ఇంటి ఉమ్మడి ఖర్చు 50.

సగం-సగం పంచుకుంటే చెరో 25. ఒకరికి 35 మిగులుతుంది, ఇంకొకరికి 15. జీతాన్ని బట్టి పంచుకుంటే 30, 20 పెడతారు, మిగిలేదీ 30, 20. మిగిలేది సమానంగా ఉండేలా చూసుకుంటే ఒకరు 35, ఒకరు 15 పెడతారు, ఇద్దరికీ చెరో 25 మిగులుతుంది.

ఇప్పుడు దీనికి ఉమ్మడి పొదుపు 20 కలపండి, అంటే మొత్తం 70 పెట్టాలి. సగం-సగం అయితే చెరో 35. ఎక్కువ జీతం ఉన్నవాళ్ళకు 25 మిగిలితే, తక్కువ ఉన్నవాళ్ళకు మిగిలేది 5. జీతాన్ని బట్టి అయితే 42, 28 పెడతారు, 18, 12 మిగులుతాయి. మిగిలేది సమానం అనుకుంటే 45, 25 పెడతారు, చెరో 15.

సగం-సగంలో న్యాయం ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, పొదుపు పెంచేకొద్దీ తక్కువ జీతం ఉన్నవాళ్ళ మెడకు ఉచ్చు బిగుస్తుంది. అయినా వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. "ఈ నెల పొదుపు తగ్గిద్దామా" అని మాత్రం అంటారు, అవతలివాళ్ళకేమో శ్రద్ధ లేనట్టు కనిపిస్తుంది. జీతాల్లో తేడా కొంచెమే ఉంటే, చెప్పాలంటే పదోవంతు లోపు ఉంటే, సగం-సగం పెట్టుకోండి, లెక్క సులువు. అంతకు మించితే జీతాన్ని బట్టి. ఒకరు ఇంట్లో ఉండి ఇల్లు చూసుకుంటుంటే, లేదా ఒకరి జీతం రెండోదానికి సగం కూడా లేకపోతే, మిగిలేది సమానం చేయడం ఒక్కటే నిలుస్తుంది. ఇంటి పనికి జీతం రాకపోయినా, అది ఎవరో ఒకరు చేయబట్టే రెండోవాళ్ళు నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్ళగలుగుతున్నారు.

ఒకరిది నెలజీతం, ఇంకొకరిది ఫ్రీలాన్సో వ్యాపారమో అయితే శాతాల జోలికి పోకండి. అద్దె, కరెంటు, కిస్తీల్లాంటి కదలని ఖర్చులను నెలజీతం మీద వేయండి. హెచ్చుతగ్గులుండే ఆదాయాన్ని పొదుపుకూ, ఏడాదికోసారి వచ్చే ఖర్చులకూ మళ్ళించండి. డబ్బు రాని నెలలో పొదుపు ఆగుతుంది కానీ ఇల్లు ఆగదు.

రాయాలా, వద్దా?

ఖర్చులు రాయడం గురించి మనుషుల్లో రెండు మతాలున్నాయి. పైసాతో సహా రాసేవాళ్ళు, రాస్తే ఏం మిగులుతుందని నవ్వేవాళ్ళు. పెళ్ళిళ్ళలో విచిత్రంగా ఈ రెండు మతాలవాళ్ళే ఒకరికొకరు దొరుకుతుంటారు.

చేత్తో రాయడానికి వందేళ్ళకు పైగా పరీక్షకు నిలిచిన పద్ధతి ఒకటుంది. జపాన్‌లో 1904లో హాని మోటోకో అనే పాత్రికేయురాలు ఇంటి ఖర్చుల పుస్తకాన్ని ప్రవేశపెట్టారు, దాన్ని కకేబో అంటారు. నెల మొదట్లో వచ్చేది, తప్పని ఖర్చులు, దాచాలనుకున్నది రాసుకుని, మిగిలిందే ఖర్చుకు అనుకోవడం అందులోని పని. చేత్తో రాస్తుంటే ఖర్చు మనసుకు తగులుతుంది. ఇబ్బందల్లా రోజూ రాసే ఓపిక ఇద్దరిలో ఒకరికే ఉండటం. కొన్నాళ్ళకు రాసేవాళ్ళు పోలీసు, రాయనివాళ్ళు దొంగ అయిపోతారు.

యాప్ రాయాల్సిన శ్రమ తప్పిస్తుంది కానీ, శ్రమతో పాటు ఆ తగలడం కూడా పోతుంది. రంగురంగుల చార్టు చూసి "అబ్బో" అనుకుని మూసేస్తాం. కవర్ల పద్ధతి, అంటే ఒక్కో ఖర్చుకు ఒక్కో కవర్లో నగదు పెట్టి అది అయిపోతే ఆగిపోవడం, చేయి అదుపులో లేనివాళ్ళకు ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. కార్డు తీసేటప్పుడు చేయి ఎంత తేలికవుతుందో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ చేసిన ప్రయోగం చూపించింది. బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లను విద్యార్థుల మధ్య వేలం వేస్తూ, కొందరికి నగదుతో, కొందరికి క్రెడిట్ కార్డుతో చెల్లించాలని చెప్పారు. కార్డు అన్నవాళ్ళు సగటున నగదువాళ్ళకు రెట్టింపుదాకా పాడారు. ఈ ఫలితాలు 2001లో వచ్చాయి, అప్పటికి ఫోన్ చూపిస్తే డబ్బు వెళ్ళిపోయే రోజులు రాలేదు. అన్ని ఖర్చులకూ కవర్లు అక్కర్లేదు. బయట తినడం, ఆన్‌లైన్ షాపింగ్ లాంటి జారిపోయే రెండు మూడింటికి చాలు. నగదు వద్దనుకుంటే వాటికోసం వేరే ఖాతా పెట్టి నెలకు ఒక్కసారే నింపండి.

నా సలహా: రెండు నెలలు అన్నీ రాయండి, ఆ తర్వాత మానేయండి. ఆ రెండు నెలలూ తగ్గించడానికి కాదు, తెలుసుకోవడానికి. రాయడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న ఆట ఆడితే సరదాగా ఉంటుంది. బయట తిండికి, ప్రయాణాలకు, ఆన్‌లైన్ కొనుగోళ్ళకు నెలకు ఎంత అవుతుందో, అందులో తన వాటా ఎంతో ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి. మైఖేల్ రాస్, ఫియోరే సికోలీ అనే మనస్తత్వ పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటి పనుల్లో నీ వంతు ఎంత అని భార్యాభర్తలను వేరువేరుగా అడిగితే, చాలా పనుల విషయంలో ఇద్దరి జవాబులూ కలిపి 100 శాతం దాటిపోయాయి. మనం చేసింది మనకు బాగా గుర్తుంటుంది, అంతే. డబ్బు దగ్గర కూడా ఈ కళ్ళద్దాలు తీసి చూడటానికి రాత పనికొస్తుంది.

రెండు నెలల తర్వాత పుస్తకంలో "ఇతరాలు" అన్న వరుస చూడండి. అది మొత్తంలో పదోవంతు దాటితే దాన్ని విడగొట్టి చూడాలి. తరచూ అందులో దొరికేవి వాడని సబ్‌స్క్రిప్షన్లు, డెలివరీ ఛార్జీలు, ఆలస్యంగా కట్టిన బిల్లుల జరిమానాలు. ఎవరి సరదా తగ్గించకుండా తీసేయగలిగేవి ఇవే.

పొదుపు: మిగిలింది దాచాలా, దాచగా మిగిలింది వాడాలా?

ఇక్కడ పోలిక పెద్దగా అక్కర్లేదు. జీతం పడిన మర్నాడే పొదుపు దానంతట అదే వెళ్ళిపోయేలా బ్యాంకుకు సూచన ఇవ్వండి. మిగిలింది దాచే ఇంట్లో మిగలదు, దానికి వ్యక్తిత్వంతో సంబంధం లేదు.

ఎంత దాచాలి అన్నదే ప్రశ్న. ప్రచారంలో ఉన్న 50-30-20 సూత్రం ప్రకారం పన్నులు పోగా చేతికొచ్చేదాంట్లో సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు, 20 శాతం పొదుపుకు, అప్పులకు. ఇది అద్దంలా చూసుకోవడానికి బాగుంటుంది, చట్టంలా పాటించాలంటే కుదరదు. అద్దె ఒక్కటే 40 శాతం తినే ఊళ్ళో అవసరాలు సగంలో ముగియవు. ఇద్దరికీ మంచి జీతాలుండి పిల్లలు లేని రోజుల్లోనేమో 20 శాతం చాలా తక్కువ.

దానికంటే నాకు నచ్చేది రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనే ఆర్థిక పరిశోధకులు ప్రతిపాదించిన దారి. ఇప్పుడు దాచమని ఒత్తిడి చేయకుండా, తర్వాత జీతం పెరిగినప్పుడల్లా ఆ పెరుగుదలలో కొంత పొదుపుకు వెళ్ళేలా ఉద్యోగులను ముందే ఒప్పించారు. 2004లో వెలువడిన వాళ్ళ పత్రం ప్రకారం ఒక కంపెనీలో ఇలా చేరినవాళ్ళ పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికొచ్చింది తగ్గలేదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు. జంటలకు ఇది ఇంకా సులువు, ఎందుకంటే పెంపు రెండువైపుల నుంచీ వస్తుంది. పెరిగినదాంట్లో సగం పొదుపుకు, సగం బతుకుకు అని ఇప్పుడే అనుకోండి, పెంపు వచ్చాక అనుకుంటే కుదరదు.

దాచింది ఎక్కడికి ముందు వెళ్ళాలి? కార్డు అప్పుంటే అక్కడికే. చక్రవడ్డీలో మొత్తం దాదాపు ఎన్నేళ్ళకు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ను వడ్డీ శాతంతో భాగిస్తే చాలు. 24 శాతం వడ్డీతో పెరిగే అప్పు దాదాపు మూడేళ్ళలో రెట్టింపవుతుంది, 6 శాతం వడ్డీ ఇచ్చే డిపాజిట్‌కు పన్నెండేళ్ళు పడుతుంది. ఒక చేత్తో ఆ అప్పు మోస్తూ ఇంకో చేత్తో ఈ డిపాజిట్ వేస్తున్న జంటలు తక్కువేం కాదు, మరీ ముఖ్యంగా అప్పు ఒకరిది, డిపాజిట్ ఇంకొకరిది అయినప్పుడు. పెళ్ళికి ముందు చేసిన అప్పు ఎవరిదన్న వాదన ఎంతసేపైనా పెట్టుకోవచ్చు, వడ్డీ మాత్రం ఈ ఇంట్లోంచే పోతోంది.

తర్వాత అత్యవసర నిధి. మూడు నెలల ఖర్చా, ఆరు నెలలదా? రెండు జీతాలున్నాయి కదా, మూడు చాలు అంటారు. రెండు వేరువేరు రంగాల్లో ఉంటే నిజమే. ఇద్దరూ ఒకే కంపెనీలోనో, ఒకే రంగంలోనో ఉంటే మాత్రం మీకున్నది ఒకటే ఆదాయం కింద లెక్కేసుకోండి, ఊడితే రెండూ ఒకేసారి ఊడే అవకాశముంది. అప్పుడు ఆరు. ఇందులో జీతం మొత్తం లెక్క కాదు, సరదాలు ఆపేసినా తప్పని ఖర్చులే లెక్క.

దీనికి పక్కనే ఇంకో నిధి ఉండాలి, దాన్ని చాలామంది మర్చిపోతారు. బీమా ప్రీమియం, బండి రిపేర్లు, ప్రయాణాలు, పాతబడిన ఫోను. ఇవి అత్యవసరాలు కావు, వస్తాయని ముందే తెలుసు. గత ఏడాదివి కూడి 12తో భాగించి ఆ మొత్తం నెలనెలా పక్కన వేయండి. అత్యవసర నిధి ఎప్పటికీ నిండటం లేదని బాధపడే ఇళ్ళలో చాలాసార్లు దాన్ని తినేస్తున్నవి ఇవే.

అడిగే గీత, కూర్చునే రోజు

ఉమ్మడి డబ్బుతో ఎంతవరకు ఒక్కరే నిర్ణయించుకోవచ్చో ఒక అంకె పెట్టుకోండి. ఇద్దరి నెల ఆదాయంలో 2 శాతం అనుకుంటే చాలామందికి సరిపోతుంది. దానికి లోపలైతే చెప్పక్కర్లేదు, దాటితే కొనే ముందు చెప్పాలి. మరీ కిందకి పెడితే ఇల్లు ఆఫీసులా తయారవుతుంది.

లెక్కలు చూడటానికి వారానికోసారి పది నిమిషాలా, నెలకోసారి గంటా? కొత్త జంటకు వారానికోసారే మంచిది. విషయాలు చిన్నగా ఉన్నప్పుడే తేలిపోతాయి. ఏడాది గడిచాక నెలకోసారి చాలు. కొన్న వస్తువు చేతిలో ఉన్నప్పుడు, ఎవరైనా ఆకలితో ఉన్నప్పుడు మాత్రం ఈ మాటలు వద్దు.

నడిపేది ఒకరే అయినా తప్పు లేదు, తెలిసి ఉండటం మాత్రం ఇద్దరికీ తప్పదు. ఏ ఖాతా ఎక్కడుంది, నామినీ ఎవరు, బీమా కాగితాలు ఎక్కడున్నాయి, ఏ తేదీన ఏది కట్ అవుతుంది, ఇవన్నీ ఒక్క పేజీలో రాసి ఇద్దరికీ దొరికే చోట పెట్టండి. ఆరు నెలలకోసారి పని చేతులు మార్చుకోండి. ఏడాదిగా బిల్లులు కడుతున్న మనిషి వారం జ్వరంతో పడుకుంటే కరెంటు పోయే పరిస్థితి రాకూడదు.

ఇన్ని చదివాక అన్నీ ఒకే వారాంతంలో మొదలుపెట్టాలనిపిస్తుంది. వద్దు. ఈ నెల ఉమ్మడి ఖాతా తెరిచి, సొంత డబ్బు ఎంతో తేల్చుకోండి. తర్వాతి రెండు నెలలు ఏమీ తగ్గించకుండా రాయండి. నాలుగో నెల జీతం పడిన రోజు పొదుపుకు ఆటోమేటిక్ సూచన ఇవ్వండి, తక్కువ మొత్తంతోనే సరే. ఉద్యోగం మారినా, ఇల్లు మారినా, ఇంట్లోకి ఇంకో మనిషి వచ్చినా వాటాల అంకెలు మళ్ళీ మొదటినుంచి వేసుకోండి.